ఉమ్మి సాక్ష్యం

తెల్లవారుజాము నాలుగున్నర.
చెరుకు తోటల మీద మంచు ఇంకా లేవలేదు.
నారింజ రంగు శంకువుల మధ్య, నా టార్చి వెలుగులోకి
ఒక పాత టొయోటా వచ్చి ఆగింది.
వెనకాల ఇరవై రెండు పెట్టెలు, పైన వల.
ఇంజను ఆపమన్నాను. ఆపింది.
మోత మాత్రం ఆగలేదు.

"తేనెటీగలు," అంది. "వీటిని రాత్రిపూటే కదిలించాలి.
కొండ అవతల మెకడేమియా తోటలు పూశాయి."
లైసెన్సు మీద వినిఫ్రెడ్ స్టానిచ్, వయసు డెబ్బై ఒకటి.
ఊదమన్నాను. సున్నా.
నాలుక చాపమన్నాను.

నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుంది.
అందుకే మేం దాన్ని ఏమీ అడగం.
పుల్లతో ఒక్కసారి రాస్తాం, అంతే.
ఉన్నదేదో తడే చెప్పుకుంటుంది.
ఆమె నోట్లో ఆ తడి కూడా సరిగ్గా లేదు,
రెండోసారి రాయాల్సి వచ్చింది.
"భయం కాదమ్మాయ్, ముసలితనం."

అయిదు నిమిషాలు.
గీత పడాల్సిన చోట గీత పడలేదు.
పడకపోవడమే మా లెక్కలో నేరం.

"గంజాయి నూనె. మూడు చుక్కలు, నాలుక కింద.
డాక్టరు రాసిచ్చిందే, ఈ తుంటి కోసం.
నిన్న ఎనిమిదింటికి వేసుకుని పడుకున్నాను.
ఇప్పుడు నా చెయ్యి చూడు."
చాపింది. వంతెన దూలంలా నిలబడింది.
టార్చి పట్టుకున్న నా చెయ్యే చలికి వణుకుతోంది.

చట్టం నిప్పుని అడగదు.
బూడిద ఉందా అని అడుగుతుంది.

కానీ మార్చిలో, ఇదే వంపులో,
ఒకడు నా కళ్లలోకి సూటిగా చూసి మాట్లాడాడు.
ఐస్ పీల్చి రెండు రాత్రులు నిద్రపోనివాడు.
గీత మీద నడవమంటే నాకంటే తిన్నగా నడిచాడు.
అవతలి కారులోంచి బయటికి తీసిన స్కూలు సంచిలో
లంచ్ బాక్సు మూత కూడా ఊడలేదు.
ఆ మూత గుర్తొచ్చినప్పుడల్లా ఈ పుల్లని నమ్ముతాను.
ఈమెని చూస్తే నమ్మలేను.
ఏం చెయ్యను, పుల్ల పట్టుకుని వ్యాను దాకా నడిచాను.

సార్జంట్ మల్కాహి తాళాలు తీసుకున్నాడు.
ఇరవైనాలుగు గంటలు స్టీరింగు ముట్టుకోకూడదని చెప్పాడు,
వెయ్యోసారి చెప్పేవాడి గొంతుతో.
"నాకు సరే," అంది వినిఫ్రెడ్. "మరి వాటికి?"

తూర్పు తెల్లబడుతోంది.
ఎండెక్కితే మూసిన పెట్టెల్లో ఉడికిపోతాయట.
తలుపులు తీస్తే ఈ రోడ్డునే ఇల్లనుకుంటాయట.
రేపు పెట్టెల్ని ఎక్కడ దించినా
మళ్లీ ఇక్కడికే వచ్చి వెతుక్కుంటాయట.
మేనల్లుడు లిస్మోర్ నుంచి రావాలి. గంటన్నర.

మా ఐసు పెట్టెలో కరిగిన నీళ్లున్నాయి.
గోనెపట్టాలు తడిపాను.
ఒక్కదాన్నే వల మీదికి లాగుతుంటే
రెండో కొస తేలికైంది. అటుపక్క మల్కాహి.
ఏమీ అనలేదు. మెడ మీద కుడితే మాత్రం
ఆడవాళ్ల ముందు అనకూడని మాట ఒకటి అన్నాడు.
వినిఫ్రెడ్ నవ్వింది, తుంటి పట్టుకుని.
"గోకకు, గోరుతో గీకెయ్," అంది.

ఏడుంపావుకి మేనల్లుడు వచ్చాడు, కళ్లు నులుముకుంటూ.
తాళాలిచ్చే ముందు అతన్నీ నాలుక చాపమన్నాను.
గీత పడింది.
వినిఫ్రెడ్ పక్క సీట్లో కూర్చుని
నోటీసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
పొగగొట్టంలో కుక్కే ఎండుగడ్డి డబ్బాలో వేసింది.

వాళ్లు వెళ్లాక చూశాను,
శంకువు మీద గుప్పెడు ఈగలు మిగిలిపోయాయి.
పువ్వనుకున్నాయో, అప్పుడే ఇల్లనుకున్నాయో.
దాన్ని జరపబుద్ధి కాలేదు.
మరో కారు ఆగింది. అద్దం దిగింది.
నేను పుల్ల కవరు చింపాను.